కాకిని తోలని చెయ్యి

మౌలాలి రైల్వే కాలనీల చుట్టుపక్కల ఒక మనిషిని పిసినారి అని తిట్టాలంటే ఏడు భాషలు చేతికందుతాయి. తెలుగువాళ్లు పిసినారి అంటారు, పీనాసి అంటారు. గోడకవతలి తమిళుల ఇంట్లో అదే మనిషి 'కంజన్', లేదంటే 'కరుమి'. కన్నడిగులకు 'జిపుణ', మరీ ఒళ్లు మండితే 'జుగ్గ'. మలయాళీలు 'పిశుక్కన్' అంటారు, చనువుంటే 'ఎచ్చి' అనేస్తారు. మరాఠీ వాళ్లకు 'చిక్కూ', బెంగాలీలకు 'కిప్టే'. వీళ్లంతా కలిసే చాయ్ దుకాణం దగ్గర, షేర్ ఆటోలో మాత్రం అందరిదీ ఒకటే మాట: కంజూస్. చిల్లర తిరిగివ్వకుండా నసిగే మనిషి మీద కోపం ముదిరితే దానికి మక్కీచూస్ తోడవుతుంది.

ఇదంతా రైలు తెచ్చిన సంత. లాలాగూడ వర్క్‌షాపు 1893 నాటిది. సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే 1966లో ఏర్పడింది. మౌలాలిలో లోకో షెడ్డుంది, రైల్వే ఉద్యోగులకు పాఠాలు చెప్పే జోనల్ శిక్షణ సంస్థ ఉంది. బదిలీ మీద వచ్చినవాళ్లు, ట్రైనింగుకి వచ్చినవాళ్లు, రిటైరయ్యాక ఇక్కడే ఇల్లు కట్టుకుని ఉండిపోయినవాళ్లు. పెట్టే బేడాతో పాటు ఎవరి తిట్లు వాళ్లు తెచ్చుకున్నారు.

ఇంగ్లీషు వీళ్లందరికన్నా పాతకాపు. 1806లో బ్రిటిష్ దండు దిగడంతో పుట్టిన ఊరు సికింద్రాబాద్. లాలాగూడ, మెట్టుగూడల్లో ఆంగ్లో ఇండియన్ రైల్వే కుటుంబాలు తరాల తరబడి ఇంగ్లీషులోనే నవ్వుకున్నాయి, ఇంగ్లీషులోనే పోట్లాడుకున్నాయి. ఇప్పుడు ఆ బాధ్యత మన పిల్లలు తీసుకున్నారు. ఉద్యోగం వచ్చి కూడా పార్టీ ఇవ్వని స్నేహితుణ్ని 'ఒరే పిసినారీ' అని ఎవరూ అనడం లేదు. 'ఇంత చీప్ ఏంట్రా నువ్వు' అంటున్నారు. టైట్‌వాడ్, చీప్‌స్కేట్, స్క్రూజ్ లాంటి మాటలు సినిమాల్లోంచి, సిరీస్‌ల్లోంచి వాళ్ల నోళ్లలోకి దిగాయి.

ఈ మాటలన్నిటినీ ఒకచోట కుప్ప పోసి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. ఇంగ్లీషువాడు పిసినారిని జేబు దగ్గర పట్టుకుంటాడు. మనవాళ్లు విస్తరి దగ్గర పట్టుకుంటారు.

నోట్ల చుట్ట, చెకుముకి రాయి

పెన్నీ పించర్ అంటే పెన్నీని గిల్లి పట్టుకుని వదలనివాడు. టైట్‌వాడ్ అమెరికా సరుకు. అక్కడ వాడ్ అంటే నోట్ల చుట్ట, దాన్ని బిగించి కట్టి ఎన్నటికీ విప్పనివాడని అర్థం. చీప్‌స్కేట్ కూడా పంతొమ్మిదో శతాబ్దం చివర అమెరికా వీధుల్లో పుట్టిందే. టైట్ ఫిస్టెడ్ మనకు కొత్తేమీ కాదు, మనం గుప్పిట విప్పడు అంటాం. అన్నిట్లోకీ ఊహ ఉన్న మాట స్కిన్‌ఫ్లింట్. చెకుముకి రాయి దొరికినా దానికి తోలుంటే ఒలుద్దామని చూసేవాడన్నమాట. పదిహేడో శతాబ్దం చివరికే ఇంగ్లండులో ఈ తిట్టు తిరుగుతోంది. మన 'రాతి నుంచి నార తీసేవాడు' ఇతనికి వేలువిడిచిన తమ్ముడే, కాకపోతే మన మాటలో కాస్త మెచ్చుకోలు కూడా ఉంది. సర్కారు ఆఫీసులో ఆగిపోయిన బకాయి రాబట్టుకొచ్చిన వాణ్ని కూడా మనం అలాగే అంటాం.

బ్రిటన్‌లో ఇదే గుణానికి 'మీన్' అనే చిన్న మాట ఉంది. మన ఇంగ్లీషు మీడియం చదువులో మీన్ అంటే నీచుడు. లండన్ ఆఫీసులో పై అధికారిని 'మీన్' అని తోటివాళ్లు గుసగుసలాడితే మనవాడు ఆయన ఏం ఘోరం చేశాడోనని భయపడతాడు. అసలు నేరం ఏమిటంటే ఆయన ఎవరికీ టీ కొనిపెట్టడు, అంతే.

మైజర్ దగ్గర మాత్రం కాసేపు నిలబడాలి. లాటిన్‌లో ఆ మాటకు అర్థం దీనుడు, దుఃఖంలో ఉన్నవాడు. మిజరీ దాని తోడబుట్టిందే. మన కృపణుడి సంగతీ అంతే. సంస్కృతంలో కృపణ అంటే జాలి పడదగినవాడు, అదే మాటకు లోభి అనీ అర్థం. ఫలం కోసమే పనిచేసేవాళ్లను గీత కృపణులంది. అక్కడ ఉన్నది ఈసడింపో జాలో వ్యాఖ్యాతలు ఇప్పటికీ తేల్చుకుంటూనే ఉన్నారు. రోములోనూ ఇక్కడా పండితులు తిట్టబోయి జాలిపడ్డారు. వీధిలో మాట్లాడుకునేవాళ్లకు ఆ జాలి లేదు.

ఇక స్క్రూజ్. 1843 డిసెంబరులో చార్లెస్ డికెన్స్ 'ఎ క్రిస్మస్ కరోల్' వెలువరించాడు. చలికి వణికే గుమాస్తా పొయ్యిలోకి ఒక్క బొగ్గు ముక్క ఎక్కువ వెయ్యడానికి కూడా ఒప్పుకోని యజమాని ఎబెనెజర్ స్క్రూజ్. పుస్తకం చివర అతను మారిపోయి దానధర్మాలు చేసినా లోకం ఆ చివరి పేజీలు పట్టించుకోలేదు, అతని పేరునే తిట్టు చేసుకుంది. 1947లో కార్ల్ బార్క్స్ గీసిన కోటీశ్వరుడైన బాతు బొమ్మకీ అదే పేరు దక్కింది. తొంభైల్లో ఆదివారం పొద్దున దూరదర్శన్ ముందు కూర్చున్న మన పిల్లలకు నాణేల గుట్టలో ఈదే స్క్రూజ్ మెక్‌డక్ హిందీలోనే పరిచయం. ఆ బాతుది స్కాట్లండు. అదేమీ కాకతాళీయం కాదు, దాని సంగతి తర్వాత చెప్పుకుందాం.

ఎంగిలి చెయ్యి

తెలుగులో పిసినారి మీద పడే దెబ్బల్లో గట్టిది 'ఎంగిలి చేత్తో కాకిని తోలడు' అన్నది. భోంచేస్తున్న మనిషి చేతికి నాలుగు మెతుకులు అంటుకునుంటాయి. కాకి వచ్చి వాలింది. 'హుష్' అని చెయ్యి విదిలిస్తే కాకి పోతుంది, కానీ ఆ విదిలింపులో మెతుకు ఎగిరి కింద పడుతుంది, కాకి దాన్ని తింటుంది. ఆ నష్టం భరించలేక అతను చెయ్యి కదపడు. ఇంత చిన్న చేష్టలో ఇంత పెద్ద మనిషిని నిలబెట్టడం ఏ కథకుడికైనా కష్టమే. విశేషమేమిటంటే ఈ కాకి మనదొక్కరిదే కాదు. తమిళులకూ ఇదే ఎంగిలి చెయ్యి, ఇదే కాకి. కన్నడిగులకూ అంతే. మలయాళీల 'ఎచ్చి' కూడా ఎంగిలి అనే మాటలోంచి ఊడిపడ్డదే. దక్షిణాది మొత్తం ఒకే పంక్తిలో కూర్చుని ఒకే పిసినారిని చూసి నవ్వినట్టుంది.

ఉత్తరాది నుంచి దక్కనీ ఉర్దూలోకి వచ్చిన మక్కీచూస్‌దీ తిండి గొడవే. నేతిలోనో చాయ్‌లోనో పడిన ఈగను తీసి పారెయ్యబోతూ, దానికి అంటుకున్నది వృథా పోతుందని చప్పరించేవాడు మక్కీచూస్. 'పిల్లికి బిచ్చం పెట్టడు' అన్నప్పుడూ గుమ్మంలో నిలబడ్డది బిచ్చగాడు కూడా కాదు, మిగిలిన మజ్జిగన్నం కోసం కాళ్లకు రాసుకునే పిల్లి. 'అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు'లోనూ పళ్లెమే. 'గడ్డివాము దగ్గర కుక్క'లో పశువుల మేత. పైసా విదల్చడు, దమ్మిడీ రాలదు అనే మాటలు మనకూ లేకపోలేదు. అవి సమాచారం చెబుతాయి. గుచ్చుకునేవి మాత్రం అన్నం మాటలే.

కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. నిన్నమొన్నటి దాకా పల్లెలో ఇచ్చిపుచ్చుకోవడాల్లో ఎక్కువ భాగం గింజల్లోనే జరిగింది. పాలేరు జీతం ధాన్యం. చాకలికి, మంగలికి, వడ్రంగికి ఏడాదికోసారి కళ్లంలో ఇచ్చే మేర ధాన్యం. అక్కడ కుంచం పట్టుకున్న చెయ్యి ఎలాంటిదో ఊరంతా చూసేది. గింజలు అంచు దాటి గోపురంలా నిలిచేట్టు పోసి, జారినవి కూడా నీవేలే అనేవాడు ఒకడు. కుంచం నిండగానే అరచేత్తో అంచు వెంట సమంగా గీసేసి, ఆ గీసిన గింజలు మళ్లీ తన రాశిలోకి తోసుకునేవాడు ఇంకొకడు. రెండో ఆయన మోసమేం చెయ్యలేదు, కొలత కొలతే. అయినా ఊరు అతనికి పేరు పెట్టేస్తుంది.

సికింద్రాబాద్ మోండా మార్కెట్లో ఆ కుంచం ఇప్పటికీ కొసరు రూపంలో బతికే ఉంది. అరకిలో వంకాయలు తూచాక తక్కెడలో ఇంకో కాయ పడాలి. కూరగాయలన్నీ కొన్నాక రెండు కరివేపాకు రెబ్బలు, కాస్త కొత్తిమీర సంచీలో వెయ్యాలి. వెయ్యకపోతే 'ఏందన్నా, గింత కొత్తిమీరకు కూడా పైసలా' అని అడిగేవాళ్లు ఆ అమ్మేవాణ్ని పిసినారి అంటారు. ఆ అడిగే ఆవిడే అంతకుముందు పావుగంట బేరమాడి అయిదు రూపాయలు తగ్గించింది. ఆవిణ్ని మాత్రం ఎవరూ పిసినారి అనరు, గడుసుది అంటారు. ఇంగ్లీషు దేశాల్లో ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ బేరమాడేవాడే చీప్. కొసరు అడగడమంటే ఏమిటో చాలామందికి తెలియదు.

ఇంటికొచ్చిన వాళ్లకి కొసరి కొసరి వడ్డించడం మనకు మర్యాద. నేతి గిన్నె పట్టుకుని పంక్తిలో నడిచే మనిషి చెంచా ఎంత వంచాడన్నది పెళ్లయిన పదేళ్లకు కూడా వియ్యాలవారి మాటల్లో వస్తుంది. కట్నం ఎంత ఇచ్చారో మర్చిపోయినవాళ్లకు కూడా మజ్జిగ పలచగా ఉన్న సంగతి గుర్తుంటుంది.

మన సాహిత్యం, సినిమా కూడా ఈ పళ్లెం వదిలిపెట్టలేదు. 1987 నవంబరులో వచ్చిన 'అహ నా పెళ్ళంట'లో కోట శ్రీనివాసరావు వేసిన లక్ష్మీపతిని తెలుగువాళ్లు ఎందుకు మర్చిపోలేదు? ఆయన డబ్బు దాచుకోవడం వల్ల కాదు, కోడిని ఎదురుగా వేలాడదీసి దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినడం వల్ల. ఆదివిష్ణు నవల ఆధారంగా జంధ్యాల తీసిన సినిమా అది. అంతకుముందు స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేసిన కోటకు డబ్బు దగ్గర మనుషులు ఎన్ని వేషాలేస్తారో తెలియకుండా ఉండదని నా అనుమానం. ఆయన 2025 జులైలో పోయారు. ఆ రోజు టీవీల్లో, ఫోన్లలో తిరిగిన దృశ్యాల్లో ఆ కోడి ముందు వరసలో ఉంది.

డికెన్స్‌కు స్క్రూజ్ ఎలాగో గురజాడకు లుబ్ధావధాన్లు అలాగ. పేరులోనే లుబ్ధుణ్ని పెట్టేశాడు. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన 'కన్యాశుల్కం'లో ఈ ముసలాయన తన తిండికీ బట్టకీ లెక్క చూసుకుంటూనే పసిపిల్లను పెళ్లాడడానికి పద్ధెనిమిది వందలు ఇవ్వడానికి సిద్ధపడతాడు. లోభికి చెయ్యి ఎప్పుడూ బిగిసి ఉండదనీ, తప్పుడు చోట ఒక్కసారిగా జారుతుందనీ గురజాడ చూపించినంత సూటిగా ఇంగ్లీషు తిట్లేవీ చెప్పవు.

కింగ్‌కోఠి కంజూస్

హైదరాబాద్‌లో కంజూస్ అన్న మాట వినగానే పెద్దవాళ్లు చెప్పే కథలు ఒకే ఇంటి చుట్టూ, కింగ్‌కోఠి చుట్టూ తిరుగుతాయి. ఆ ఇంటాయన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. 1937 ఫిబ్రవరి 22 నాటి 'టైమ్' పత్రిక ఆయన బొమ్మను అట్ట మీద వేసి ప్రపంచంలోనే అత్యంత ధనవంతుడని చెప్పింది. అదే మనిషి మాసిన షేర్వానీ, అంచులు చిరిగిన టోపీతో తిరిగేవాడని, చౌక చార్మినార్ సిగరెట్లు కాల్చేవాడని ఊరంతా చెప్పుకునేది. 1975లో వచ్చిన 'ఫ్రీడమ్ ఎట్ మిడ్‌నైట్' ఈ కథలను ప్రపంచానికి అందించింది. అతిథులు వదిలేసిన సిగరెట్ పీకలు కాల్చుకునే నవాబు, వంద మందికి సరిపడా బంగారు పళ్లేలు ఉండగా చాప మీద కూర్చుని రేకు పళ్లెంలో తినే నవాబు ఆ పుస్తకంలో కనిపిస్తాడు. అక్కడా పళ్లెమే!

జాకబ్ వజ్రం సంగతి సరేసరి. దాదాపు 185 క్యారెట్ల ఆ రాయిని తండ్రి మహబూబ్ అలీఖాన్ కొన్నాడు. ఆ బేరం 1891లో కలకత్తా హైకోర్టు దాకా పోయింది. ఆయన పోయాక అది చెప్పు ముందు భాగంలో కుక్కి దొరికిందని, కొడుకు దాన్ని కాగితాలు ఎగరకుండా బరువుగా వాడుకున్నాడని చెబుతారు. 1995లో భారత ప్రభుత్వం నిజాం నగలన్నీ కలిపి 218 కోట్ల రూపాయలకు కొన్నప్పుడు ఈ కాగితాల బరువు కూడా వాటితో పాటే వచ్చింది.

మరి ఆయన పిసినారేనా? ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఆయన ఫర్మానాతో వచ్చింది. మూసీ వరదలు ఊరిని ముంచాక కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, ఉస్మానియా ఆసుపత్రి ఆయన పాలనలోవే. పుణెలో భండార్కర్ సంస్థ మహాభారతం పరిష్కరించి అచ్చు వేస్తుంటే ఏటా వెయ్యి రూపాయలు పంపాడు. 1947లో ఇంగ్లండు యువరాణి ఎలిజబెత్ పెళ్లికి, కార్టియర్ దుకాణంలో నీకు నచ్చింది తీసుకొమ్మని చెప్పించాడు. ఆమె ఏరుకున్న వజ్రాల హారాన్ని ఆ ఇంటి కోడలు కేట్ 2014లో కూడా మెడలో వేసుకుంది. చిరిగిన టోపీ పెట్టుకున్నవాడు చేసిన పని అది.

తెలుగు కొలతతో చూస్తే తన పళ్లెంలో తక్కువ వడ్డించుకున్నవాడు పిసినారి కాడు, ఎదుటివాడి పళ్లెంలో తక్కువ వేసినవాడే పిసినారి. ఆ లెక్కన నిజాం కేసు కొట్టేయొచ్చు. కానీ కొట్టేసే ముందు ఇంకో మాట. దర్బారుకొచ్చిన ప్రతివాడూ నజరానాగా బంగారు అష్రఫీ సమర్పించుకోవాల్సి వచ్చేది. సర్ఫేఖాస్ పేరిట ఆయన సొంత ఖాతాలోని పల్లెల నుంచి శిస్తు నేరుగా ఆయనకే చేరేది. చిరుగుల టోపీ కథలు చెప్పుకున్నంత సరదాగా ఆ పల్లెల్లో శిస్తు కట్టిన కథలు ఎవరూ చెప్పుకోరు.

ఈ కథలన్నిటికీ తలమానికం 1965 బంగారం కథ. యుద్ధ సమయంలో లాల్ బహదూర్ శాస్త్రి అడిగితే నిజాం అయిదు టన్నుల బంగారం దేశానికి దానం చేశాడని, పెట్టెలు మాత్రం తిరిగి పంపమన్నాడని నేటికీ ఫోన్లలో తిరుగుతుంటుంది. దాఖలాల్లో ఉన్నది వేరు. 1965లో నేషనల్ డిఫెన్స్ గోల్డ్ పథకంలో ఆయన 425 కిలోల బంగారం పెట్టాడు, ఏడాదికి 6.5 శాతం వడ్డీకి. అది దానం కాదు, మదుపు. ఊరివాళ్లు ఆ మదుపును తీసుకుని దాదాపు పన్నెండింతలు పెంచి దానం చేయించారు. ఇంత చేసినా ఆయన పాత పేరును పూర్తిగా తుడిచెయ్యడానికి మనసొప్పలేదు కాబోలు, ఖాళీ పెట్టెలు వెనక్కి అడిగించారు. ఆ పెట్టెల ముక్క ఎవరు కల్పించారో గానీ హైదరాబాదీ హాస్యం మొత్తం అందులోనే ఉంది.

గుట్ట మీద అరచెయ్యి

మౌలాలికి ఆ పేరిచ్చిన గుట్ట మీద కథ కూడా చేతిదే. 1578లో కుతుబ్‌షాహీ దర్బారులో ఉండే యాకూత్ అనే కొలువుకాడికి కల వచ్చిందట. హజ్రత్ అలీ ఆ గుట్ట మీద రాతికి అరచెయ్యి ఆనించి కూర్చున్నట్టు. పొద్దున వెళ్లి చూస్తే రాతి మీద చేతి ముద్ర. ఇబ్రహీం కుతుబ్‌షా అక్కడ దర్గా కట్టించాడు. ఆ తర్వాతి కాలంలో రజబ్ నెలలో జరిగే ఉర్సుకు నిజాముల నుంచి కూలీల దాకా, ముస్లింలూ హిందువులూ అని లేకుండా, రోజుల తరబడి గుట్ట చుట్టూ డేరాలేసుకుని ఉండేవారు.

గుట్ట అడుగున చుట్టూ గోడలున్న తోటలో ఒక సమాధి ఉంది. మహలఖా బాయి చందాది. 1768లో పుట్టి 1824లో పోయిన ఈమె కవయిత్రి, నర్తకి. ఆసఫ్‌జాహీ దర్బారులో నవాబులు సలహా అడిగిన మనిషి. ఉర్దూలో దివాన్ వెలువరించిన తొలి మహిళల్లో ఒకరిగా ఆమెను లెక్కిస్తారు. తల్లి కోసం 1792లో కట్టించిన ఈ తోటలోనే తననూ పూడ్చారు. అడిక్‌మెట్ ఆమె జాగీరుల్లో ఒకటి. పోతూ పోతూ తన బంగారం, వెండి, నగలు దిక్కులేని ఆడవాళ్లకు రాసిచ్చిందని చెబుతారు. తెలుగులో ఇలాంటి వాళ్లను ఎముక లేని చెయ్యి అంటాం. పిడికిలిలో ఎముక ఉంటే కదా బిగుసుకునేది. చిరకాలం శిథిలంగా పడి ఉన్న ఆ తోటను 2010 తర్వాత అమెరికా కాన్సులేట్ ఇచ్చిన డబ్బుతో బాగుచేశారు. చేతికి ఎముక లేని మనిషి సమాధికి సున్నం వేయించడానికి మన చేతులు రాకపోవడం మన పిసినారితనాల జాబితాలో రాసుకోదగ్గదే.

పొరుగువాడి మీద తోసెయ్యడం

స్క్రూజ్ బాతుది స్కాట్లండని చెప్పుకున్నాం కదా. ఇంగ్లీషువాళ్లకు స్కాట్లండువాడంటే పిసినారి. డచ్చివాడన్నా అంతే. పదిహేడో శతాబ్దంలో సముద్ర వ్యాపారం మీద డచ్చివాళ్లతో యుద్ధాలు చేసిన రోజుల నుంచి ఇంగ్లీషులో డచ్చి అనే మాట తగిలిన నుడికారాలు చాలా వరకు ఎగతాళివే. హోటల్లో ఎవరి బిల్లు వాళ్లు కట్టుకోవడాన్ని 'గో డచ్' అంటారు. యూదుల మీద వేసిన ముద్ర మరీ దారుణమైంది, ఆ నవ్వులు ఎక్కడ తేలాయో చరిత్రకు తెలుసు.

మనం తక్కువ తినలేదు. లెక్క రాసుకునే కులాల మీద, అప్పిచ్చే కులాల మీద మన సామెతల మూటలో ఎన్ని ఉన్నాయో పాత సంకలనాలు తిరగేస్తే తెలుస్తుంది. అప్పు తీసుకున్నవాడు తిరిగి కట్టాల్సి వచ్చినప్పుడు పుట్టిన సామెతలవి. వాటిని ఇక్కడ వల్లించబోను. అప్పిచ్చిన చెయ్యి వడ్డీ అడిగితే పిసినారి, తీసుకున్న చెయ్యి ఎగ్గొడితే గడుసు. ఈ తీర్పు ఎవరు చెప్పారో చూసుకోవాలి.

ఇంగ్లీషులో ఈ తిట్లలో ఒకటి ఏకంగా ఒకరి ఉద్యోగానికే ఎసరు తెచ్చింది. 1999 జనవరిలో వాషింగ్టన్ మేయర్ కార్యాలయంలో డేవిడ్ హోవర్డ్ అనే అధికారి బడ్జెట్ గురించి మాట్లాడుతూ నిధులను 'నిగ్గర్డ్లీ'గా వాడాల్సి ఉంటుందన్నాడు. పొదుపుగా, చాలీచాలకుండా అని ఆ పాత మాటకు అర్థం. నల్లజాతివాళ్లను అవమానించే తిట్టుకూ దీనికీ పుట్టుకలో ఏ సంబంధమూ లేదు, చెవికి మాత్రం ఉంది. గొడవై అతను రాజీనామా చేశాడు. కొన్నాళ్లకు మేయరే మళ్లీ పిలిచి ఉద్యోగం ఇచ్చాడు. ఇప్పుడు ఆ మాట నిఘంటువుల్లో ఉంది, నోళ్లలో దాదాపు లేదు.

రెండు డాలర్ల పదమూడు సెంట్లు

మౌలాలి, ఈసీఐఎల్ చుట్టుపక్కల కాలనీల్లో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. ఎమ్మెస్‌కి వెళ్లిన కొత్తలో ఆ పిల్లలు ప్రతి డాలరునూ రూపాయల్లోకి మార్చి చూసుకుంటారు. కాఫీ అయిదు డాలర్లంటే నాలుగు వందలు పైనా అని గుండె జారుతుంది. నలుగురు ఒక గదిలో ఉండి, ఉల్లిపాయల సంచీ నుంచి కరెంటు బిల్లు దాకా స్ప్లిట్‌వైజ్ యాప్‌లో పంచుకుంటారు. ఇంట్లో ఈ సంగతి చెబితే అమ్మానాన్నలు మురిసిపోతారు, మావాడు జాగ్రత్తపరుడని.

అదే పిల్లవాడు అక్కడ హోటల్లో తిని, బిల్లు మీద టిప్పు ఇవ్వకుండా లేస్తే అతనికి చీప్ అనే పేరు ఖాయం. ఇక్కడ ఇరానీ హోటల్లో సోంపు పళ్లెంలో మిగిలిన చిల్లర వదిలేస్తే అది మన దయ. అక్కడ పదిహేను, ఇరవై శాతం ఇవ్వకపోతే అవతలివాడి జీతం కోసినట్టు. ఎందుకంటే టిప్పులు వచ్చే ఉద్యోగాలకు అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం యజమాని ఇవ్వాల్సిన కనీస నగదు కూలి గంటకు 2.13 డాలర్లే. 1991 నుంచి అది మారలేదు. చాలా రాష్ట్రాలు ఇంతకన్నా ఎక్కువ ఇప్పిస్తాయి, అయినా చాలాచోట్ల మిగతాది గిరాకీలే పూడ్చాలి. అంటే అసలు చెయ్యి బిగించింది హోటలు యజమాని, తిట్టు పడేది మౌలాలి కుర్రాడికి. చీప్ అన్న మాట ఇక్కడి పిల్లల నోటికి ఇంత తేలిగ్గా రావడానికి ఆ హోటళ్ల కథలు కూడా ఒక కారణమని నాకనిపిస్తుంది. కాకిని చూడని తరానికి వెయిటర్ కనిపిస్తున్నాడు.

పోపుల డబ్బా

చివరగా, మన ఇళ్లలో ఈ తిట్టు ఎక్కువగా ఎవరికి తగులుతుంది? నెల జీతం చేతికి తీసుకుని, పాలవాడికింత, చీటీ పాటకింత, పిల్లల ఫీజుకింత అని విడగొట్టే ఇల్లాలికి. సినిమాకి పోదామంటే 'ఈ నెల వద్దులెండి' అనే ఆవిడకు. రైల్వే క్వార్టర్లలో ఒకటో తారీఖు జీతం పడ్డ రోజు మగవాళ్లు రాజులు, ఇరవయ్యో తారీఖుకు ఆవిడే బ్యాంకు. ఈ మధ్యలో 'మా ఆవిడ పరమ పిసినారి బాబాయ్' అన్న మాట డ్యూటీ రూముల్లో ఎన్నిసార్లు నవ్వులు పూయించిందో లెక్కలేదు.

2016 నవంబరు 8 రాత్రి ఎనిమిది గంటలకు అయిదు వందలు, వెయ్యి నోట్లు చెల్లవని ప్రధాని ప్రకటించాక ఆ నవ్వులు ఆగిపోయాయి. పోపుల డబ్బా అడుగున, పట్టుచీర మడతల్లో, దేవుడి పటం వెనక, బియ్యం డ్రమ్ములో పాలిథిన్ సంచీలో చుట్టి ఉన్న నోట్లు ఒక్కొక్కటే బయటికి రావాల్సి వచ్చింది. ఆవాల వాసన కొట్టే అయిదొందల నోట్లు మంచం మీద పరిచి లెక్కపెడుతుంటే మొగుళ్లు నోరు తెరిచారు. ఇంత దాచిందా అని కొందరికి కోపం, నాకు చెప్పకుండానా అని ఇంకొందరికి ఉక్రోషం. ఇంటి ఖర్చులోంచి రూపాయి రూపాయి మిగిల్చి, తనకు చీర కొనుక్కోకుండా, ఆపదకని దాచిన డబ్బది. గృహిణుల ఖాతాల్లో రెండున్నర లక్షల దాకా పడే డబ్బు గురించి ఆదాయపు పన్ను శాఖ అడగదని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. శాఖ అడగలేదు గానీ ఇంట్లో వాళ్లు ఊరుకోలేదు.

బ్యాంకు ముందు వరసల్లో గంటల కొద్దీ నిలబడి ఆ డబ్బు జమ చేశాక, చాలా ఇళ్లలో అది ఉమ్మడి డబ్బయిపోయింది. ఆ తర్వాత ఏమైందంటే ఏ ఇంట్లోనైనా రెండు కథలు వినిపిస్తాయి. ఆ డబ్బుతోనే ఫ్రిజ్ కొన్నామని, బైకు వాయిదా తీర్చామని ఆయన చెబుతాడు. ఆవిడ అంత వివరం చెప్పదు. మళ్లీ మొదలుపెట్టానని మాత్రం అంటుంది, ఈసారి ఎక్కడ దాస్తోందో చెప్పకుండా.